పసుపు కట్టిన సైటు

శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ చెల్లెలు రైఫిలు పెట్టెతో విజయనగరంలో మా గుమ్మమెక్కింది. రాజాంలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. అరుగు మీంచే అరిచింది.

"బావా, ఆదివారం పాత రైఫిళ్ల పోటీకి మా నాన్న తుపాకీ పనికిరాదంట! ఏటంటావు?"

మా మావ ఒకప్పుడు ఆ రైఫిలుతోనే పోటీల్లో గురి కొట్టేవాడు. ఇప్పుడు లైసెన్సు మరదలి పేర ఉంది. ఒక్కసారైనా దాంతో బరిలో నిలబడాలని ఆవిడ కోరిక. పోటీకి నియమం ఒకటే, రైఫిలూ, దాని మీద గురి చూసే సైటూ రెండూ తయారైనప్పటివే అయుండాలి. పోటీ పెట్టే రైఫిలు క్లబ్బులో, మెళ్లో కార్డేసుకుని తుపాకులు పరీక్షించే అధికారి ఫోన్లో బొమ్మ చూశాడట. కన్ను ఆనించి చూసే వెనక సైటు బిళ్లకి నడుమ కన్నముండాలి, దీనికి లేదు, ఎవరో తగిలించిన ఉత్త రేకు అని తేల్చేశాడట. పైగా, కావాలంటే డ్రిల్లుతో కన్నం పెట్టిస్తానన్నాడట! నాకు ఒళ్లు మండింది. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్నే. కానీ తుపాకుల మరమ్మతు కొట్లో జీవితమంతా గడిపాను. ఏ సైటు ఏ రైఫిలుదో చేత్తో తడిమి చెప్పగలను. ఫోన్లో బొమ్మ చేతికి తగులుతుందా?

మరలు తీసి సైటు ఊడదీశాను. దాని అడుగున చెక్కిన నాలుగంకెలూ రైఫిలు నంబరులో చివరి నాలుగూ ఒకటే. పుట్టుకతో జోడీ! మరి కన్నమేదీ? బిళ్లని గోటితో గీకాను. గోట్లోకి పసుపొచ్చింది.

"ఒసే, దసరాకి దీనికి బొట్టెక్కడ పెడతావు?"

"కంటికే. నాన్న పేల్చడం మానేసిన కాడ్నించీ యేటా అక్కడే. ఆయుధానికి కన్ను అదే కదా!"

"ఆ కంటికి శుక్లం కట్టించేవే తల్లీ!"

"అయితే ఆపరేషను సెయ్యి. సూస్తావేటి?"

సూది పెడితే కన్నం అంచు గీరుకుపోతుంది, గీరుకుపోతే గురి పాడు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, చీపురు పుల్ల చివర నమిలి మెత్తగా చేసి తుడుస్తూ కూర్చున్నాను. పసుపు, కుంకం, మళ్లీ పసుపు. ఎన్ని దసరాలో! మధ్యాహ్నం భోజనాల వేళకి ఆవగింజంత వెలుగు పడింది. ఆవిడ ఆ బిళ్లకి కన్ను ఆనించి పెరట్లోకి చూసింది.

"బావా, కాకి కనిపిస్తన్నాది!"

తడి ఆరబెట్టి, నూనె రాసి, సైటు బిగించాను.

ఆదివారం అధికారి అంకెలు చూశాడు, కన్నం చూశాడు, సంతకం పెట్టాడు. పొరపాటైందన్న మాట మాత్రం నోట రాలేదు. ఆ కోపం నాకింకా ఉంది.

మరదలు పది గుళ్లు పేల్చింది. మూడు నల్లచుక్కలో, ఆరు దాని చుట్టూ. పదోది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. గురి కాగితం తేగానే అధికారి చేతిలోంచి లాక్కుంది.

"మార్కులెయ్యాలి, ఇవ్వండమ్మా," అన్నాడు అధికారి.

"నేను పట్టుకుంటాను, నువ్వు ఏసుకో."

వేశాడు. ఆఖరినుంచి రెండో స్థానం. ఆ కాగితం భోజనాల దగ్గర కూడా ఆవిడ ఒళ్లోనే ఉంది.