విషాదమంటే కూలబడటం

నా చిన్నప్పుడు, విడవలూరు అవతల మా ఊళ్ళో వరి మళ్ళన్నీ రొయ్యల గుంటలైపోతున్న రోజుల్లో, తెలుగు వాచకంలో ‘విషాదం’ అన్న మాట తగిలింది. అర్థమేమిటని మా తాతయ్యను అడిగితే తర్వాత చెబుతానన్నాడు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. మాటకు మనిషిని చూపించి చెబితే జన్మలో మరిచిపోరనేవాడు. నిజమే, మరిచిపోలేదు.

ఆ వారమే మా గుంటలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. తెలిస్తే ధర పడిపోతుందని తాతయ్య సంగతి బయటికి పొక్కనివ్వకుండా రాత్రికి రాత్రే సరుకు పట్టించి లారీ ఎక్కించేశాడు. తెగులు నీళ్ళలో బ్లీచింగ్ కలిపి కొన్నాళ్ళు గుంటలోనే ఉంచాలి, కాలువలోకి వదలకూడదు. మా వైపు పిల్లలకు కూడా తెలిసిన విషయమది. ఆయన పొద్దున్నే తూము ఎత్తి నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశాడు. నేను పక్కనే ఉన్నాను.

కాలువ దిగువన పక్క గుంట మామ నీళ్ళు తోడే ఇంజను పెట్టుకుని నిలబడ్డాడు. ఉన్న ఒక్క మడినీ గుంట చేసుకున్న మనిషి. తాతయ్య దగ్గర చదువుకున్నవాడు కాబట్టి ఆయన్ని అడగందే ఏ పనీ చేసేవాడు కాదు.

“అయ్యోరా, నీళ్ళు బాగుండాయా? పట్టుకోమంటారా?”

“బ్రహ్మాండంగా ఉన్నాయి. పట్టుకో నాయనా,” అన్నాడు తాతయ్య. లారీ ఇంకా ఊరు దాటలేదు మరి.

వారం తిరక్కుండా మామ గుంట మీద కాకులు మూగాయి. చచ్చిన రొయ్యలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మామ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. కట్ట మీద బురదలో కూర్చుండిపోయాడు. భార్య రెక్క పట్టి లాగినా లేవలేదు. తాతయ్య పనిగట్టుకుని నన్ను అక్కడికి తీసుకెళ్ళి, మెల్లగా పాఠం మొదలుపెట్టాడు.

“మొన్న అడిగావే, విషాదమంటే ఏమిటని? చూడు. సంస్కృతంలో ‘సద్’ అంటే కూర్చోవడం, కుంగిపోవడం. ముందు ‘వి’ చేరితే ఇదిగో, ఇలా కూలబడిపోవడం. ఏడ్చినవాడు కళ్ళు తుడుచుకుని లేస్తాడు. వీడు లేవడు.”

బళ్ళో పాఠం చెప్పేటప్పటి హుషారే ఆయన గొంతులో. అంతలో మామ తలెత్తి మమ్మల్ని చూశాడు.

“మీరన్నా ముందే సరుకు పట్టేసినారు, మంచిదయింది అయ్యోరా,” అన్నాడు.

తాతయ్య తలూపాడు. ఆ క్షణం నుంచి నాకు ఆయనంటే అసహ్యం.

తాతయ్య పోయిన రోజు మామ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. మా వాళ్ళంతా చుట్టూ కూర్చుని ఏడుస్తున్నారు. మా మేనత్త నన్నూ చెయ్యి పట్టి లాగింది. నేను కూర్చోలేదు, వాకిలికి ఆనుకుని నిలబడే ఉన్నాను.

ఆయన చెప్పిన అర్థంలో తప్పేమీ లేదు, ఇప్పటికీ నేను పిల్లలకు అదే చెబుతాను. కానీ ఎవరైనా కూలబడి కనిపిస్తే మాత్రం, తూము ఎత్తిందెవరా అని ముందు ఎగువకు చూస్తాను.