ఆపడం మరిచిన టేపు

మా ఆయన పెద్దమనసుతో తన టేపులన్నీ కాలనీకి వినిపించేవాడని బెల్లంపల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ టేపులున్న ఇనుప పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న మనిషి ఆయన. తాళం తీయించింది నేను.

ఆయన బొగ్గు గనుల్లో కరెంటు పని చూసేవాడు. బదిలీ అయి వెళ్తున్న ఒక ఆఫీసరు దగ్గర పాత టేప్ రికార్డరు కొన్నాడు. సాసర్లంత చక్రాలు, మోస్తే భుజం పడిపోయేంత బరువు. ఏటా గణపతి పందిట్లో జరిగే కచేరీలను దానితో పట్టేవాడు. పట్టినవాటిని ఆఫీసర్లు ఇంటికొస్తే వినిపించేవాడు, లేకపోతే ఒక్కడే కూర్చుని వినేవాడు. పక్క క్వార్టరు వాళ్లు అడిగితే మాత్రం టేపు అరిగిపోతుందనేవాడు. ఆఫీసర్లు వింటే అరగదు కాబోలు.

ఒక ఏడాది కచేరీ ముగియగానే విద్వాంసుణ్ని భోజనానికి ఆఫీసరు బంగళాకు తీసుకెళ్లే హడావిడిలో మిషన్ ఆపడం మరిచిపోయాడు. పెద్దవాళ్లు లేచి వెళ్లాక గని కార్మికులు భజనకు కూర్చోవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ భజన కూడా టేపుకెక్కింది. పాడినవాడు మా వెనక క్వార్టర్ల లైనులో ఉండే కార్మికుడు. మరుసటి ఎండాకాలం జ్వరంతో పోయాడు.

అతని భార్య మా గడపలోకి వచ్చింది. "అక్కా, మా ఆయన గొంతు మీ పెట్టెల ఉన్నదట. ఒక్కపారి వినిపియ్యరాదా?"

మా ఆయన లోపలినుంచే అన్నాడు: "అది నేను పట్టింది గాదు, పొరపాటున పడ్డది. ఈసారి గణపతికి దాని మీద వేరేది ఎక్కిస్త."

"మీరు పట్టనిది మీదెట్లయితది?" అన్నాను.

"మిషన్ నాదే గదా."

"గొంతు?"

"కాలేజీల నీకు వాదించుడే నేర్పిన్రు."

"ఫీజు దండుగ కాలే మరి. చెవి ఇస్తరా, రోకలి తేవాల్నా?"

చెవి నేలమీద పడేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. మిషన్ వరండాలో పెట్టాను. లైనులోని ఆడవాళ్లంతా పనులు వదిలి వచ్చారు. గొంతు వినబడగానే అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"బీడీలు తాగేటోనికి గంత గుక్క ఎట్లొచ్చెనే?" అంది పక్కనున్న ముసలామె.

అతని భార్య ఏడుస్తూనే నవ్వింది. "పందిరి ఉన్నన్ని దినాలు బీడి ముట్టకపోతుండె పెద్దమ్మా. దేవునికి గాదు, నా నోటికి జడిసి."

చరణం మధ్యలో ఉండగా టేపులోనే మా ఆయన గొంతు వినబడింది: "అరే, టేపు దండుగైతున్నది గదా." టక్కుమని శబ్దం. బంగళానుంచి తిరిగొచ్చి ఆపేశాడన్నమాట. ఆ తర్వాత చక్రం ఎంత తిరిగినా ఏమీ లేదు.

"మిగిలింది ఏదక్కా?" అందామె.

ఆ రోజునుంచి పెట్టెకు తాళం పడనివ్వలేదు. ధర్మపురిలోగానీ చొప్పదండిలోగానీ మిషన్ ఉన్నవాళ్లు ఎవరడిగినా రీళ్లు ఇచ్చి, వాళ్ల టేపుల్లోకి ఎక్కించుకోమన్నాను. కొన్ని తిరిగి రాలేదు. రాకపోతే పోనీ, ఎక్కడో ఒక ఇంట్లో మోగుతుంటాయి. పెట్టెలో ఉండి ఎవరిని ఉద్ధరించాయి?

మెచ్చుకునేవాళ్లు ఆయన్నే మెచ్చుకోనీ. ఆయన్ను నేను అడిగేది మాత్రం అడుగుతూనే ఉన్నాను, ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటూనే ఉన్నాడు. విద్వాంసుడు దగ్గుతుంటే కూడా చక్రం తిరగనిచ్చిన్రు. రీలు ఇంకా మిగిలే ఉండె. ఆ ఒక్క చరణం అయ్యేదాకా ఆగితే మీకేం పోయేది?