చెల్లె బట్ట మీద రాసిన మాట

జగిత్యాలలో నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో, ఎక్కడెక్కడి దేశాల్లోనో బడిపిల్లలు శుక్రవారం పూట తరగతులు మానేసి రోడ్ల మీద కూర్చునేవారు. భూమి వేడెక్కుతోంది, పెద్దవాళ్లు ఏదైనా చేయాలి అని వాళ్లు అడిగేవారు. ఆ వీడియోలన్నీ అమ్మ ఫోన్లో చూసేదాన్ని. పర్యావరణం మీద వ్యాసరచన పోటీ ఎక్కడ పెట్టినా మొదటి బహుమతి నాదే. మన దగ్గర అలాంటిది జరిగితే ముందు నిలబడేది నేనేనని నాకు గట్టి నమ్మకం.

కాలేజీలో ఆరుగురిని కూడగట్టి ప్రిన్సిపాల్‌ని అనుమతి అడిగాను. "ముందుగాల పరీక్షలు రాయున్రి. ఎండలు ఎప్పుడుండేటియే" అన్నాడాయన. బయటికి వచ్చి మిగతావాళ్లకు అదే చెప్పాను. నిజానికి నాకు హాయిగానే అనిపించింది. వాళ్లు చేయనివ్వలేదని చెప్పుకోవచ్చు కదా.

మా చిన్నమ్మ బిడ్డ సిరిసిల్లలో పదో తరగతి. చదువు అంతంతమాత్రం. సెలవులకు వస్తే నా పాత డ్రెస్సులు తీసుకుపోయేది. అవి నాకంటే దానికే నప్పుతాయని అమ్మ పైకే అనేది. వాళ్ల బాపు, అంటే మా చిన్నాయన, సాంచాల మీద పనిచేస్తాడు. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. అంతకుముందు వేసవిలో ఆయన రేకుల షెడ్డులో పొద్దంతా నిలబడి, వడదెబ్బ తగిలి సాంచె పక్కనే పడిపోయాడు. చాలా రోజులు లేవలేదు.

ఒక గురువారం సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు పంపిన వీడియోలు మా దోస్తులకు చూపెట్టిన. రేపు బడి కాడ్నుంచి కలెక్టరాఫీసు దాంక పోతున్నం. బట్ట మీద ఏం రాయాల్నో జెర చెప్పు."

"సార్లు ఒప్పుకున్నరా?"

"అడుగలే."

ఆ ఒక్క మాటకు నా ఒళ్లు మండింది. అడగకపోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. అయినా అక్కను కాబట్టి చెప్పాను: "వాతావరణ మార్పుల నివారణకు ప్రభుత్వాలు తక్షణ చర్యలు చేపట్టాలి." రాసుకుని, మంచిగుందక్కా అంది.

శనివారం పేపర్లో జిల్లా పేజీలో ఫోటో వచ్చింది. పదిమంది దాకా పిల్లలు, ముందు వరుసలో మా చెల్లె. చేతుల్లో చిన్నాయన సాంచె మీద నేసిన తెల్లబట్ట. దాని మీద ఎర్ర రంగుతో నేను చెప్పిన వాక్యం లేదు. ఇలా ఉంది:

"మా బాపు సాంచాల కాడ ఎండకు పడిపోయిండు. మాకు ఇంకెంత ఎండ దాచిపెట్టిన్రు?"

మా ఇంట్లో మా బాపు చాయ్ తాగుతూ దాన్ని పైకి చదివాడు. గ్లాసు కింద పెట్టి మళ్లీ చదివాడు. నా వ్యాసాలను ఆయన ఎన్నడూ రెండో పేజీ దాకా చదవలేదు.

"పడిపోయిండు అని రాయొద్దు బాపూ. పడిపోయాడు అని రాయాలె" అన్నాను.

"మరి ఆయన గట్లనే గద పడ్డడు" అన్నాడు.

ఆ వాక్యం నాకెందుకు తట్టలేదని వారం రోజులు కుమిలిపోయాను. చిన్నాయన పడిపోయినప్పుడు చూడటానికి నేనూ వెళ్లాను. మంచం పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచి పెట్టాను. ఇంటికి వచ్చి ధ్రువాల మంచు గురించి వ్యాసం రాశాను.

తర్వాత కోరుట్లలో ఒక ఉర్దూ మీడియం సారు చుట్టుపక్కల బడుల పిల్లలతో సభ పెట్టాడు. మా చెల్లెను మాట్లాడమన్నాడు. అది నాకు ఫోన్ చేసి, "నువ్వు మాట్లాడక్కా, నాకు మైకు పడ్తే గొంతు రాదు. నేను పక్కపొంటి నిలవడ్త" అంది. సగం నాకు ఇస్తానంటోంది. ఆ ఇవ్వడాన్నే నేను తట్టుకోలేకపోయాను.

మర్నాడు చిన్నమ్మకు ఫోన్ చేశాను. "పదో తరగతి పిల్లను గిట్ల తిప్పుతరా చిన్నమ్మా? పోలీసోళ్లు పేర్లు రాసుకుంటున్నరట." అలా నాతో ఎవరూ అనలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అల్లాను. చిన్నమ్మ భయపడిపోయి, "మంచిగ చెప్పినవు బిడ్డా" అంది. చెల్లెను పంపలేదు.

నేను వెళ్లాను. చెల్లె తన స్నేహితురాలి చేతికి బట్టను మడిచి ఇచ్చి, అక్కకు ఇవ్వమని పంపింది. "సిరిసిల్ల పిల్ల ఏదమ్మా?" అని సారు అడిగితే, ఇంట్లో పంపలేదన్నాను. మైకు ముందు చాలాసేపు మాట్లాడాను. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత బట్ట విప్పి రోడ్డు పక్కన నిలబడ్డాం. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు దగ్గరికి వచ్చారు. చదువు వచ్చిన ఆమె రానివాళ్లకు చదివి వినిపించింది. కథలాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే రాసినవా బిడ్డా?"

"మేమే రాసినం" అన్నాను.

రాళ్లవానకు తమ మామిడితోట పూతంతా రాలిపోయిన సంగతి, మొగుడు ఆ రోజు అన్నం ముట్టని సంగతి ఆమె చెప్పుకుంటూ పోయింది. అవి మా చెల్లెకు చెప్పాల్సిన మాటలు. నేను తలాడిస్తూ విన్నాను. బస్సు వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.

వేసవి సెలవుల్లో చిన్నమ్మ, చెల్లె మా ఇంటికి వచ్చారు. తొక్కుకు మామిడికాయలు కోస్తుంటే చిన్నమ్మ మంచికే అంది: "అక్క ఫోన్ చేసి చెప్పబట్టి గని, లేకుంటే నిన్ను కోరుట్లకు పంపుతుంటిమి."

చెల్లె నా వైపు చూసింది. "పోలీసోళ్లు పేర్లు రాసుకుంటున్నరని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే."

"మరెందుకన్నవు?"

"నువ్వు రాసిన మాట నాకు రాయరాలే. అందుకే" అన్నాను. అమ్మ, చిన్నమ్మ కత్తిపీటలు ఆపి చూస్తున్నారు.

అది లేచి చేతులు కడుక్కుంది. వారం ఉంటానని వచ్చిన పిల్ల మధ్యాహ్నం బస్సుకే సిరిసిల్ల వెళ్లిపోయింది. రెండేళ్లు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంటికి వస్తుంది, తింటుంది, నవ్విస్తుంది. ఏం రాయాలో మాత్రం నన్ను మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనిప్పుడు పత్రికలకు రాస్తున్నాను. అది చదువుతుందో లేదో నేనూ అడగలేదు.

పోయిన ఎండాకాలం అది కొడిమ్యాల వైపు ఒక ఊళ్లో బడిపిల్లలతో మాట్లాడుతోందని తెలిసి, పిలవకపోయినా వెళ్లాను. వెనక పిల్లల మధ్య కింద కూర్చున్నాను. ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం తరగతులు వద్దని ఎవరిని ఎలా అడగాలో చెబుతోంది. పిల్లలు కళ్లార్పకుండా వింటున్నారు. అంతమంది నా మాట అలా ఎన్నడూ వినలేదని లోపల పాత మంట లేచింది. చెల్లె మధ్యలో ఆగి నన్ను చూసింది.

"అక్కా, ఆ కిటికీల కెల్లి ఎండ గొడ్తది. ఇటు జరుగు" అని మళ్లీ పిల్లల వైపు తిరిగింది.

నేను జరిగి కూర్చున్నాను.