ఆఖరి పచ్చపట్టీ ఇంకా పైకి రాలే

మా బావ పోయిండు. పోయిన నెల ఒకనాడు పొద్దుగాల చాయ తాగి, దుకాణం షెట్టరు సగం ఎత్తిండు, గంతే. దవాఖాన దాక గూడ ఆగలే. ఎరుక లేనోళ్లకు చెప్తున్న: గోదావరిఖనిల కంప్యూటర్లు బాగుచేసేటోడు, మా అక్క పెనిమిటి. అంతకుముందు నాతోని బొగ్గుబాయిల చేసిండు. నాకు సదువు అంతంతే, ఉన్నది ఉన్నట్టు రాస్తున్న.

బాయి దిగేముందు మనిషి తన నంబరు బిళ్ల ల్యాంపు రూముల ఇచ్చి లైటు తీస్కుంటడు. ఆ బిళ్ల ఆడి పలకకు కొట్టిన ఇనుప మొలకు ఏలాడుతున్నదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఒకపారి కప్పు కూలి బావ జోడీదారు కిందనే ఉండిపోయిండు. పైకచ్చిన బావ ఆ బిళ్ల దిక్కే చూసుకుంట నిలబడ్డడు. తర్వాత ఆ ముచ్చట ఎన్నడు ఎత్తలే.

దుకాణంల మాత్రం గసొంటి పలకే కొట్టిచ్చిండు. జనం కంప్యూటరుకు కొత్త ర్యామ్ ఏపిచ్చుకుంటే పాతది మిగుల్తది, వేలెడంత పచ్చపట్టీ. దాన్ని పారెయ్యనిచ్చేటోడు కాదు. దారం కట్టి మొలకు తగిలిచ్చేటోడు. బడిదో, జిరాక్సు దుకాణందో, ఈడ్సుకుంట నడిచే పాత మిషను వస్తే అండ్ల పెట్టేటోడు. అది జల్ది నడిస్తే, ఖాళీ అయిన మొల దిక్కు చూసి, "ఒకడు పైకచ్చిండు" అనేటోడు.

"పిచ్చి లేశిందా బావా? పాత సామాన్ల కబాడోనికి ఎయ్యి" అన్న.

"నీ అసొంటోన్నే మా అత్త పారెయ్యలే బామ్మర్దీ, గీ పట్టీని నేనెందుకు పారేస్త?"

ఒకదాంట్ల పట్టకపోతే బలిమి చెయ్యకపోయేది. "దీని జాగ ఇంకోకాడ ఉన్నది" అనేటోడు.

ఇప్పుడు పలకకు ఒక్కటే మిగిలింది. ఎన్నడో ఖరాబైపోయిన బావ సొంత మిషనుది, శానా పాతది. అక్క దాన్ని నా చేతుల పెట్టింది. "తమ్మీ, గిది పైకి రాంది నేను షెట్టరు ముయ్య."

దానికి సరిపోయే మిషను కోసం కమాన్‌పూర్ పోయిన, బెల్లంపల్లి పోయిన. ఆడి మెకానిక్ అటిటు తిప్పి చూసిండు. "కాకా, దీని గాడి వేరు. గీ రకం మిషన్లు ఇప్పుడేడున్నయి? తాళంచెవులకు కట్టుకో" అని నవ్విండు. చేతులకెల్లి గుంజుకొని వచ్చిన.

మల్ల మొలకే తగిలిచ్చిన.

షెట్టరు బావ ఎత్తిన కాడనే ఉన్నది, సగంల. కిందికెల్లి గాలి కొడితే పట్టీ పలకకు తాకి టక్కుమంటది. పాత మిషను ఎత్తుకొని ఎవరన్న వస్తున్నరేమోనని ఇద్దరం షెట్టరు కింద దిక్కు చూస్తం. వంగి లోపలికి వచ్చేటోనివి ముందుగాల కాళ్లే కద కనబడేది.