ఎనభై ఆకుపచ్చ బిళ్లలు

చాచా పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. నేను డ్యూటీలో, హీట్ ప్రెస్ ముందు ఉన్నాను. కడప నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అబ్బా లేరు. ఫజర్ నమాజ్‌కి లేపుదామని పోతే..." అని ఆగిపోయింది. ఆ పిల్ల ఇంకా ఏడవడం కూడా మొదలుపెట్టలేదు. ప్రెస్ టైమ్ అయిపోయి కూత పెడుతూనే ఉంది. నేను మూత ఎత్తలేదు. లోపలున్నవన్నీ మాడిపోయాయి.

ఆయన నాకు చుట్టం కాదు. నాది జగిత్యాల వైపు ఊరు. ఒమాన్‌లోని బౌషర్‌లో షీల్డులు, నేమ్ ప్లేట్లు, కీచైన్లు చేసే చిన్న వర్క్‌షాపులో నేను ప్రెస్ మీద, ఆయన చెకింగ్‌లో ఏడేళ్లు కలిసి పనిచేశాం. ఒకే రూమ్‌లో ఉన్నాం. శుక్రవారం పొద్దున ఊరి నుంచి తెచ్చుకున్న బొరుగులతో ఆయన ఉగ్గాని చేస్తే, మా రూమ్‌తో పాటు పక్క రూమ్ వాళ్లు కూడా ప్లేట్లు పట్టుకొచ్చేవాళ్లు.

మా దగ్గర పోకర్ చిప్స్ కూడా చేసేవాళ్లం. పేకాటలో ముందు పేర్చుకునే గుండ్రటి బిళ్లలవి. ఇంట్లో స్నేహితులతో సరదాగా, పైసా పెట్టకుండా ఆడుకునేవాళ్లు తమ పేర్లతో, బొమ్మలతో చేయించుకునేవారు. తెల్లటి సిరామిక్ బిళ్లకు రంగు కాగితం అంటించి ప్రెస్‌లో పెడితే ఆ వేడికి రంగు బిళ్లలోకి ఎక్కుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ వేడి కాస్త ఎక్కువైతే రంగు ముదురుతుంది, కాగితం వెంట్రుకవాసి జరిగితే అంచు దగ్గర తెల్లగీత మిగిలిపోతుంది. ఖరీదైన సరుకు కదా, కొనేవాళ్లు ఒక్క చుక్క కూడా ఉండకూడదంటారు.

చాచా జీవితంలో పేకముక్క పట్టుకోలేదు. ఆ బిళ్లలను మాత్రం పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకునేవారు. సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చుని, ఒక్కో బిళ్లనూ అద్దం పలక మీద వేసి తిప్పేవారు. ఊగితే పక్కన పెట్టేవారు. తర్వాత బొటనవేలితో అంచంతా తడిమేవారు. కొత్త ఆర్డర్ ఇచ్చేవాళ్లకు మేనేజర్ అన్నిటికంటే అందమైన బిళ్ల చూపిస్తే, ఈయన డబ్బాలోంచి ఒక అధ్వానపు బిళ్ల తీసి వాళ్ల చేతిలో పెట్టేవారు. "మేం పాస్ చేసేవాటిలో అన్నిటికన్నా తక్కువది ఇదే సార్. ఇది మీకు సరేనంటేనే పని మొదలుపెడతాం." మేనేజర్ పళ్లు కొరికేవాడు. ఆ మాట విని వెనక్కి వెళ్లిన కస్టమర్ మాత్రం నాకు ఒక్కరూ గుర్తులేరు.

పోయిన ఏడాది ఆయన అంచులు తడమడం ఎక్కువైంది. చూడడం తగ్గింది. ఒకరోజు ఎర్ర బిళ్లను నారింజ రంగు వాటిలో పెట్టారు. నేను చూసి మార్చాను. ఆ సాయంత్రం రూమ్‌లో చెప్పారు, షుగర్ కళ్లలోకి దిగిందని, డాక్టర్ ఇక పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నాడని.

"కంపెనీకి తెలిస్తే పంపేస్తారు బేటా. పాప చదువు ఇంగొక్క సంవత్సరం ఉండాది. అంతవరకు నువ్వు నాకు కళ్లుగా ఉండు, సాలు."

"ఉంట చాచా," అన్నాను.

అప్పటి నుంచి రంగు నేను చెప్పేవాణ్ణి. మిగతాదంతా ఆయన వేళ్లే చూసుకునేవి.

ఆ రోజుల్లోనే గుంటూరు వైపు నుంచి వచ్చి, ఒమాన్‌లోనే ఇంజినీరుగా రిటైరైన ఒక పెద్దాయన ఆర్డర్ ఇచ్చారు. నలుగురు స్నేహితులు ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం కలిసి ఆడుకునేవారట. ఒకాయన చనిపోయారు. ఇప్పుడు ఈయన కూడా ఇండియా వెళ్లిపోతున్నారు. చివరి ఆటకు నాలుగు రంగుల్లో, ఒక్కో రంగు మీద ఒక్కో స్నేహితుడి బొమ్మతో, రంగుకు ఎనభై చొప్పున కావాలన్నారు. పోయినాయన బొమ్మ ఆకుపచ్చ మీద.

ఆకుపచ్చవి సగం బుధవారం చేశాను, సగం గురువారం. గురువారం ప్రెస్ వేడి ఎక్కువైంది. డ్యూటీ అయిపోయే వేళకు చాచా రెండు చేతుల్లో రెండు బిళ్లలు పట్టుకుని అడిగారు.

"ఇవి రెండూ ఒకటేనా? బాగా సూడు."

ఒకటి కాదు. రెండోది ముదురుగా ఉంది. చెబితే నలభై మళ్లీ చేయాలి. బయట మమ్మల్ని రూమ్‌కి తీసుకెళ్లే వ్యాన్ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "ఒకటే చాచా," అన్నాను.

శనివారం పెద్దాయన వచ్చి బిళ్లలను నిలువుగా పేర్చారు. విడివిడిగా కనిపించని తేడా దొంతరలో చారలు చారలుగా బయటపడింది. ఆయన అరవలేదు. "అన్నీ బాగానే ఉన్నాయండీ. మావాడు ఉన్న రంగే ఇట్లా అయ్యిందేంటండీ?" అన్నారు. ఆ మాటకు అరుపే నయం.

"ఎవరు పాస్ చేశారు?" మేనేజర్ అడిగాడు.

"నేనే సార్," అన్నారు చాచా. "నాకు కళ్లు కనపడ్డంల్యా. శానా దినాలైంది. చెప్పకుండా పెట్టుకున్యా. తప్పు నాదే."

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇది రాస్తున్నదే ఆ మాట చెప్పుకోవడానికి.

పెద్దాయన వెళ్లాక చాచా సబ్బుతో చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. "మిషన్ ఆన్ చెయ్ బేటా. నలభై కాదు, ఎనభై చేద్దాం. అన్నీ ఒకే దినం, ఒకే వేడి," అన్నారు. చేశాం. మర్నాడు పెద్దాయనకు ఇచ్చేటప్పుడు ఒక బిళ్ల విడిగా తీసి పెట్టారు. "దీని మీద సూది మొనంత గుంట ఉండాది సార్. మీకు కనపడకపోవచ్చు, నా వేలికి తగిలింది. మారుస్తా." పెద్దాయన దాన్ని చాలాసేపు తిప్పి చూసి, "వద్దండీ. మావాడి గడ్డం మీద కూడా ఇక్కడే ఒక మచ్చ ఉండేది," అని దాన్ని జేబులో వేసుకున్నారు.

నెల తిరక్కుండా కంపెనీ చాచా వీసా క్యాన్సిల్ చేసింది. ఎయిర్‌పోర్టులో చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లే గేటు దాకా నడిపించాను. చెప్పేద్దామని నాలుగుసార్లు నోటి దాకా వచ్చింది. ఆయన నా చొక్కా గుండీ తడిమి, ఊడిపోయేలా ఉంది కుట్టించుకోమన్నారు. వెళ్లిపోయారు.

రెండు వారాలు నిద్ర పట్టక, చివరికి ఫోన్‌లో చెప్పాను. "చాచా, ఆ దినం నాకు తేడా కనవడ్డది. అవద్ధం చెప్పిన."

"తెల్సు," అన్నారు. "పెద్దాయన బిళ్లలు పేరుస్తాంటే నువ్వు ఊపిరి బిగబట్టినావు. పక్కనే ఉన్యా కదా."

"మరి నా పేరెందుకు చెప్పలే?"

"నాకు ఎట్లాగూ పోయే టైమే బేటా. నీకు ఆడ ఇంగా పనుండాది. అయితే ఒకటి. ఇంగ యాడ తేడా కనిపించినా, వ్యాన్ పోయినా సరే, చెప్పు."

కూతురి చదువు ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పిల్లే తర్వాత చెప్పింది, కాలేజీ మానేసి బట్టల షాపులో చేరానని.

అప్పటి నుంచి చాచా రోజూ ఫోన్ చేసేవారు. క్షేమ సమాచారాల కంటే ముందు అడిగేది ఒకటే. "ఇయ్యాల ఏం రంగు చేస్తాండారు?" చెప్పేవాణ్ణి. అంతటితో వదిలేవారు కాదు. నీలం అంటే ఎట్లాంటి నీలం, అంచుకు ఏం వేశారు, పేరిస్తే ఎట్లా ఉంది. అప్పటికి ఆయనకు వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ తెలియడం లేదట.

సోమవారం కూడా ఫోన్ చేశారు. సూపర్‌వైజర్ నా పక్కనే ఉన్నాడు. "పసుపు, చాచా."

"ఎట్లాంటి పసుపు?"

"మళ్ల చెప్త చాచా, పనిల ఉన్న," అని పెట్టేశాను. రాత్రి రూమ్‌కి వచ్చి, తిని పడుకున్నాను.

తెల్లారేసరికి ఆయన లేరు.

ఖననం ఆ రోజే అయిపోయింది. నేను వెళ్లగలిగేది కాదు. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మా వీధి మసీదులో ఆయన కోసం దువా, అంటే ప్రార్థన, చేస్తామని పక్క రూమ్ హైదరాబాద్ వాళ్లు చెబితే, పని మధ్యలో వదిలేసి వెళ్లాను. లోపలికి వెళ్లడానికి మొహమాటపడి మెట్ల పక్కన ఎండలో నిలబడ్డాను. మెట్ల నిండా చెప్పులు. సిమెంటు అంటిన సేఫ్టీ షూలు, నీలం పట్టీల స్లిప్పర్లు, నల్ల తోలు చెప్పులు. లోపల కాసేపు సన్నగా గొంతులు వినిపించి ఆగిపోయాయి. తర్వాత ఒక్కొక్కరే బయటికి వచ్చి, నా భుజం తట్టి, ఎవరి జత వాళ్లు తొడుక్కుని డ్యూటీలకు వెళ్లిపోయారు. చివరి మనిషి కూడా వెళ్లాక, ఖాళీ మెట్ల మీద చెప్పులున్న చోట్ల దుమ్ములో పాదాల ఆకారాలు మిగిలాయి. గాలి వీచేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను.