ఫోన్ గుమ్మం దగ్గర పెట్టి వచ్చినవాళ్లు

మా మేడమ్ పోయారని పోయిన నెల ఒక పొద్దున వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్, కింద చేతులు జోడించిన బొమ్మలు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో అందులో లేదు. ఎవరు చూశారో ముందు అడగమన్నదే లైబ్రరీ సైన్స్ క్లాసులో ఆమె మాకు నేర్పిన మొదటి పాఠం. వెంటనే ఎల్‌బీ నగర్‌లో ఉండే ఆమె తమ్ముడికి ఫోన్ చేసి, "మీరు చూశారాండీ?" అని అడిగేశాను. అడగకూడని మాట, నోరు జారింది.

"నేనే చూసినమ్మా. దవాఖానల నా చేతులల్లనే పోయింది," అన్నాడాయన. "గిట్లనే అడగాలని మా అక్కనే నేర్పింది గదా మీకు."

అప్పుడు ఏడ్చాను.

ఆమె దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. చంపాపేట్ రోడ్డు మీద జామకాయలు కొన్నా పైన పేర్చినవి ముట్టుకునేవారు కాదు, గంప అడుగు నుంచి తీయించేవారు. "పైనయి మనకు చూపియ్యాలని పెట్టినయి బిడ్డా," అనేవారు. పరిశోధన వ్యాసం చేతికిచ్చినా అంతే. మొదటి పేజీలోని సారాంశం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరిని అడిగారు, ఎలా అడిగారు అన్న పేజీకి వెళ్లిపోయేవారు. క్లాసులో ఎవరైనా "అందరూ అంటున్నారు మేడమ్" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "అందరంటే ఎవలు?" అని పట్టుకునేవారు.

దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కాలనీలో రీడింగ్ హాలు నేను చూసుకుంటాను. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. నల్లగొండ వైపు ఊళ్ల నుంచి వచ్చి గదులు కిరాయికి తీసుకున్నవాళ్లే ఎక్కువ. ఫోను గుమ్మం పక్కన చెక్క అరల్లో పెట్టి లోపలికి రావాలి, బయటికి వెళ్లేటప్పుడే తీసుకోవాలి. మా హాలుకే కాదు, చుట్టుపక్కల హాళ్లకూ అదే నియమం.

రెండేళ్ల కిందట మా హాలు కమిటీ అధ్యక్షుడు, ఒక జర్నల్లో అచ్చయిన అధ్యయనాన్ని ప్రింటు తీయించి నా బల్ల మీద పెట్టారు. మా హాలుతో పాటు చుట్టుపక్కల హాళ్ల సభ్యుల మీద చేశారట. హాలు అక్కర్లేదు, ఫోన్లో మెటీరియల్ ఉంటే చాలని ఎక్కువమంది చెప్పారట.

"చూశారుగా అమ్మా, రీసెర్చే చెప్తోంది. వచ్చే మీటింగులో మూసేద్దాం. యాప్ ఒకటి పెట్టేస్తే సరిపోద్ది," అన్నారు. గుంటూరు వైపు ఆయన, మాట మెత్తగా ఉంటుంది. సరిగ్గా మీటింగు ముందే ఆయనకు ఆ వ్యాసం ఎలా దొరికిందో నాకు ఇప్పటికీ అనుమానమే. ఒళ్లు మండింది. ఈ పిల్లలు ఎక్కడికి పోవాలి? కానీ ఇంగ్లిషు, పట్టికలు, చివర బారెడు రిఫరెన్సులు. ప్రింటు పట్టుకుని చంపాపేట్‌లో మేడమ్ ఇంటికి వెళ్లాను.

మేడమ్ అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టి చదివారు. "సర్వే లింకు ఎప్పుడు పంపిండ్రు?"

"పొద్దున సభ్యుల ఫోన్లకి పంపి, సాయంత్రానికల్లా ముగించేశారండీ."

"గప్పుడు మీ పిల్లలు యాడుంటరు?"

మర్నాడు తనే హాలుకు వచ్చి ఆ చెక్క అరల ముందు నిలబడ్డారు. "గీ ఫోన్లన్ని ఈడుంటే లింకు ఎవలకు ముట్టింది? మెంబర్ కార్డు తీసుకొని గూడ రానోళ్లకు ముట్టింది. హాలుకు రానోళ్లను పట్టుకొని హాలు కావాల్నా అని అడిగిండ్రు బిడ్డా!"

నేను ఎగిరి గంతేశాను. "అయితే హాలు కావాలని తేలినట్టే కదండీ! అదే చెబుదాం."

"ఎట్ల తేలింది?" అని కసిరారు. "ఆళ్లది తప్పయితే నీది ఒప్పయితదా? తెల్వదు అని చెప్పు. నీకు నచ్చిన మాటనే జర ఎక్కువ అనుమానించు."

చాలా కోపం వచ్చింది. హాలు పోయేట్టుంది, నా కొలువూ పోయేట్టుంది, ఈవిడ నన్ను తెలియదని చెప్పమంటున్నారు!

కానీ ఆమె అక్కడితో వదల్లేదు. సాయంత్రం ఆ అరల పక్కన స్టూలు వేసుకుని, ఫోను కోసం చెయ్యి చాపిన ప్రతివాళ్లనూ హాలు కావాలా, ఎందుకు అని అడిగారు, నేను రాసుకున్నాను. "రూంల నలుగురం ఉంటం మేడమ్. ఒక్కడు చదివితె ముగ్గురు మాట్లాడుతరు," అన్నాడొకడు. "ఇంట్ల ఉంటె ఏదో ఒక పని చెప్తనే ఉంటరు," అంది ఒకమ్మాయి. ఇంకొకతను మాత్రం, "ఏం లాభం మేడమ్, ఫ్యాన్లు తిరగయి. నాకైతే ఫోనే నయం," అన్నాడు. ఆ మాట రాయకుండా నేను పెన్ను ఆపితే, "రాయి," అన్నారు.

మీటింగులో ఆ జవాబులన్నీ మేడమే చదివారు, ఫ్యాన్ల సంగతితో సహా. "జర్నల్లో వచ్చింది కదండీ మేడమ్," అన్నారు అధ్యక్షుడు.

"వచ్చింది సార్. తప్పు గూడ అండ్లనే అచ్చయింది," అని లింకు పంపిన వేళ ఉన్న పేజీ తీసి ఆయన ముందు పెట్టారు.

హాలు మిగిలింది, ఫ్యాన్లు బాగయ్యాయి. యాప్ మాట అప్పుడప్పుడు మళ్లీ వినిపిస్తుంటుంది. నేను ఓ కన్నేసే ఉంచాను. మేడమ్ ఆ తర్వాత శనివారాలు వచ్చి, పేపర్లో సర్వే వార్తలను ఎలా చదవాలో పిల్లలకు చెప్పేవారు.

ఇదంతా ఆమెను ప్రేమించిన మనిషి చెబుతున్న మాట. ఇదొక్కటీ నమ్మితే ఆమె ఒప్పుకోరు. అందుకే ఆమెతో అస్తమానం గొడవపడిన పాత సహోద్యోగి ఒకాయన్ని అడిగాను. "ఆమె పక్కన కూసొని పెండ్లి భోజనం గూడ తినలేం. వంకాయ ఎప్పటిదని అడుగుతది," అని నవ్వబోయి మానేశాడాయన.

ఆమె పోయిన ఆ పొద్దున, తమ్ముడితో మాట్లాడి ఫోను పెట్టేసి, పిల్లలకు చెబుదామని నా బల్ల దగ్గర్నుంచి లేచాను. గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. ఆమె పోయారన్న మెసేజ్ వాళ్లందరి ఫోన్లకూ వస్తోంది. చెక్క అరల్లో ఒక ఫోను వెలిగి ఆరింది, దాని పక్కది వెలిగింది, పై వరసలో ఇంకొకటి. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అందరూ తలలు వంచుకుని చదువుకుంటున్నారు.