నలుపు నలుపుగానే

కల్లూరులో వీరభద్ర ఫోటో స్టూడియోలోకి నల్లగా వెళ్లినవాళ్లు బోలెడుమంది. నల్లగా బయటికొచ్చినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ముందు ముఖానికి పౌడరు, ఆపైన ఎదురుగా రెండు లైట్లు, అదీ చాలకపోతే కంప్యూటర్లో ఇంకో పూత. జనమూ అదే అడిగారు, ఆయనా అదే ఇచ్చాడు. మంచి పేరే తెచ్చుకున్నాడు మహానుభావుడు!

అట్లాంటి మనిషి దగ్గరికి మొన్న వేసవిలో, వీధి చివర బట్టలు కుట్టే శివలీల తన కుక్కను తీసుకొచ్చింది. పేరు కర్రెప్ప. ముక్కు నుంచి తోక దాకా కారునలుపు. ముసలివాడయ్యాడు, ఉండగానే ఒక ఫోటో కావాలంది.

ఎదురుగా ఫ్లాష్ కొడితే కళ్లు పచ్చగా మెరిశాయి, కుక్క మాత్రం బొగ్గుకుప్పలా మిగిలింది. వెలుగు పెంచితే వెనక గోడ తెల్లగా పాలిపోయింది, కుక్క బూడిదరంగుకు తిరిగింది. ఇంకేం, అలవాటుకొద్దీ కంప్యూటర్లో ఇంకాస్త తెల్లబరిచి చూపించాడు.

"ఇదెవురి కుక్కన్నా? మావోడు నల్లగుంటాడు. నల్లగనే రావల్ల," అంది శివలీల.

"ఫోటోలో నలుపు తేలదమ్మా."

"నాకు దినామూ కనపడతాండాడు గదా!"

వీరభద్రకు రోషం పొడుచుకొచ్చింది. ఎదుటి లైట్లు ఆర్పేశాడు. ఒక్క లైటును పక్కకు జరిపి, దాని ముందు తెల్లగుడ్డ కట్టాడు. రెండోవైపు వెలుగు తిరిగి పడేలా థర్మాకోల్ అట్ట నిలబెట్టాడు. వెనక మట్టిరంగు తెర వేశాడు. శివలీల బిస్కెట్టు చూపిస్తే కర్రెప్ప తల తిప్పాడు. అంతే! వెలుగు చెంప మీదుగా జారి మెడదాకా పాకింది. వెంట్రుక వెంట్రుకా విడివిడిగా తేలింది. ఆ నలుపులో నీలం ఉంది, గోధుమ ఉంది, మూతి దగ్గర నెరిసిన తెలుపూ ఉంది. ఫోటో చూసి శివలీల కండ్లనీళ్లు పెట్టుకుంది.

ఆమె వెళ్లాక వీరభద్ర కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా గోడమీద తన పెండ్లి ఫోటో. పక్కనున్నది భార్య మహాదేవేనట! మహాదేవిది నేరేడుపండు రంగు. ఫోటోలోని మనిషి సున్నం కొట్టిన గోడ. ఆ పూత ఆయన చేతిపనే. ఆ తర్వాత తీసినవన్నీ అంతే. ఇన్నేండ్ల కాపురంలో భార్య అసలు ముఖం ఏ ఫోటోలోనూ లేదు. కుక్కకు పెట్టినపాటి వెలుగు ఆమెకు పెట్టలేదే అనిపించింది. నా చేతులు పడిపోను, అని తిట్టుకున్నాడు. ఈ తప్పు ఇప్పుడైనా దిద్దుకోవాలనుకున్నాడు.

ఇల్లు స్టూడియో వెనకే. లైటు కదపకుండా కేకేశాడు. మహాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెప్పినచోట కూర్చుంది. తీసి చూపించాడు. ఎంత చక్కగా ఉందో! ఆమె మెచ్చుకుంటుందని చిన్నపిల్లాడిలా ఎదురుచూశాడు.

మహాదేవి వంగి చూసింది.

"ఇది నేనే," అంది. "మా అమ్మ అడిగిండేది ఇట్లాంటి ఫోటోనే. మనం పంపిన పెండ్లి ఫోటో చూసి, 'ఈమె యెవురో, నా బిడ్డ కాదు' అని పెట్టెలో పెట్టేసె. పానం పోయేముందు గూడా, నా పాప ఫోటో ఒగటి సూపీండి అనిందంట."

"నాకు ఒక్క మాట చెప్పింటే తీసిచ్చేవాణ్ని గదే!" అన్నాడు వీరభద్ర.

"చెప్పినా. నువ్వు నవ్వితివి," అని మహాదేవి లేచి లోపలికి వెళ్లింది.